ఆరు గవ్వలు, మూడు ఊళ్లు, ఒక కథ

మీ ఊరి పటాన్ని మీరెప్పుడైనా చేత్తో గీసి చూశారా? బజారెక్కడ, గుడెక్కడ, ఏరు ఎటు పారుతుంది, ఏటికవతల కొండ ఎంత దూరం అని? గీయకపోతే ఈ వారం ఓ మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక, పిల్లల పాత నోటుపుస్తకంలోంచి ఓ కాగితం చింపి గీయండి. ఆ కాగితం చుట్టూ నలుగురు స్నేహితురాళ్లు కూర్చుని నెలలకొద్దీ, ఇష్టముంటే ఏళ్లకొద్దీ ఆడుకునే ఆట ఒకటుంది. మా కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నేలమీద ఆ ఆట ఎలా సాగుతుందో, ఆ ఊళ్లకు వెళితే ఏమేం చూడాలో ఈసారి చెప్పుకుందాం.

ఇదేం ఆట?

అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తెచ్చారు. మీ ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వాళ్లు ఈ పేరు వినే ఉంటారు. ఇందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఒకరు కథ నడుపుతారు. మన నాటకాల్లో సూత్రధారి అనుకోండి. మిగిలినవాళ్లకు తలా ఒక పాత్ర. "కోట గుమ్మం దగ్గరికొచ్చారు, తలుపు మూసుంది. ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతుంది. ఒకామె తలుపు తడతానంటుంది, ఇంకొకామె గోడెక్కుతానంటుంది. అది ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇవాళ ఆగినచోటు నుంచే వచ్చేవారం మళ్లీ మొదలు. టీవీ సీరియల్ లాంటిదే గానీ, తర్వాత ఏమవుతుందో తేల్చేది మనమే!

ఎన్నాళ్లు సాగుతుందంటారా? కెనడాలోనూ లండన్ అనే ఊరు ఒకటుంది. అక్కడ రాబర్ట్ వార్డ్‌హా అనే చరిత్ర ప్రొఫెసరు 1982లో మొదలుపెట్టిన కథను స్నేహితులతో 40 ఏళ్లకు పైగా నడిపారు. మధ్యలో పెళ్లిళ్లయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి, జుట్టు నెరిసింది. కథ మాత్రం ఆగలేదు.

అంతా విదేశీ వ్యవహారం అని కొట్టిపారేయకండి. పులి-మేక, వామనగుంటలు, పచ్చీసు ఆడుతూ పెరిగినవాళ్లం మనం. అవ్వ కథ చెబుతుంటే ఊఁ కొట్టినవాళ్లం. ఈ ఆటలో తేడా ఒక్కటే. ఊఁ కొట్టేవాళ్లు కూడా కథలోకి దిగుతారు.

ఆడవాళ్లకే ఎందుకంటే

పెళ్లయ్యాక మగవాళ్ల స్నేహాలు టీకొట్టు దగ్గర ఎలాగోలా నిలబడతాయి. మన స్నేహాలు మాత్రం పేరంటాల్లో ఎదురుపడి "బాగుండావా, పిల్లలు బాగుండారా" అనుకోవడంతో సరి. కలవాలని అందరికీ ఉంటుంది, కలవడానికి కారణమే ఉండదు. ఊరికే కబుర్లకు వెళతానంటే ఇంట్లో అత్తగారు ముఖం ముడుచుకోవచ్చు. "బుధవారం మధ్యాహ్నం మాకు ఆటుంది" అని నాలుగు వారాలు వరసగా చెప్పి చూడండి, ఐదో వారం వాళ్లే "ఇవాళ బుధవారం కదా, పోలేదా?" అని గుర్తు చేస్తారు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా సీమ అంటే బాంబులూ, కత్తులూ, దుమ్ము లేపే సుమోలూ అని సినిమాలవాళ్లు లోకమంతటికీ చూపించారు. మా ఊళ్లలో పుట్టి, మెట్టి, ముగ్గులేసి, పిల్లల్ని పెంచినవాళ్లు ఈ నేల గురించి ఏం కథ చెబుతారో ఎవరూ అడగలేదు. అడగకపోతేనేం, మనమే చెప్పుకుందాం.

మేం నలుగురం మా కథను 1652వ సంవత్సరంలో పెట్టుకున్నాం. ఎందుకో గండికోట దగ్గర చెబుతాను. ముందు ప్రొద్దుటూరులో బయల్దేరాలి.

ప్రొద్దుటూరు: కథ మొదలయ్యే బజారు

ఎక్కడైనా కథ బజారులో మొదలైతే సులువు. నలుగురు కొత్తవాళ్లు ఒకరికొకరు తగిలేది అక్కడే కదా! ప్రొద్దుటూరు అంటేనే బజారు. బంగారం వ్యాపారానికి, పత్తి వ్యాపారానికి పేరుపడి 'రెండో బొంబాయి' అనిపించుకున్న ఊరిది. పెళ్లి బంగారం కొనడానికి చుట్టుపక్కల జిల్లాలవాళ్లంతా ఇక్కడికొస్తారు. వీలైతే దసరాకు రండి. అమ్మవారిశాలలో వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారికి రోజుకో అలంకారం చేస్తారు. మైసూరు దసరా తర్వాత మాదే అని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. పెన్న ఒడ్డున రామేశ్వరంలో శివాలయం ఉంది. అక్కడ లింగాన్ని రాముడే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. పుట్టపర్తి నారాయణాచార్యులవారు 'శివతాండవం' రాసింది కూడా ఈ ఊళ్లోనే.

1652లో ఈ బంగారు అంగళ్లు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే, కథ కదమ్మా అనేయండి! మా కథలో ఒక కంసాలి కోడలు, ఒక మంత్రసాని, ఒక వజ్రాల వ్యాపారి విధవ కూతురు ఇక్కడే కలుసుకున్నారు. నాలుగో ఆమె సూత్రధారి. పాత్రలకు దేశాలేలే రాణులు అక్కర్లేదు. చేతిలో ఒక విద్య, మనసులో ఒక భయం ఉంటే చాలు.

జమ్మలమడుగు: కోట, గుహ

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దగ్గరే. ఊళ్లో నారాపుర వెంకటేశ్వరస్వామిని దర్శించుకుని, అక్కడికి 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటకు బయల్దేరండి. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసేసింది. ఆ గండి అంచున ఎర్రరాతి గోడలతో కోట నిలబడి ఉంది. 1123లో కాకరాజు కట్టించాడని కైఫీయతు చెబుతుంది. తర్వాత పెమ్మసాని నాయకులు ఏలారు. మాధవరాయస్వామి గుడి, రంగనాథాలయం, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం, కత్తుల కోనేరు, అన్నీ ఒక గోడలోపలే ఉన్నాయి. నిదానంగా తిరగాలంటే ఒక పూట సరిపోదు.

ఎండాకాలం వెళ్లకండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మంచినీళ్లు దండిగా పట్టుకెళ్లండి. గండి అంచుల్లో అన్నిచోట్లా కంచె ఉండదు. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి. చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని, గట్టి చెప్పులేసుకుంటేనే రాళ్లమీద నడక సుఖం.

ఇక 1652 సంగతి. ఆ ఏడు టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకే వచ్చాడు. తన ప్రయాణాల పుస్తకంలో ఒక వింత రాశాడు. ఫిరంగులు పోతపోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాల్ని కరిగించారట. ఆ పని చేసిన ఫ్రెంచివాడు ఎంత మంట పెట్టినా గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం కరగలేదట!

చదవగానే మాకు కథ దొరికింది. కరగని ఆ ఆరు విగ్రహాలు తర్వాత ఏమయ్యాయి? మా ముగ్గురు ఆడవాళ్లు వాటిని ఒక్కొక్కటిగా కోట దాటించి దాచాలి. ఎక్కడ దాచాలి, ఎవర్ని నమ్మాలి అన్నదే మా ఏళ్ల కథ. మీ ఊళ్లోనూ ఇలాంటి ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. పాడుబడిన బావి గురించో, తాళం తీయని గది గురించో పెద్దవాళ్లనడగండి. మెకెంజీ దొర రెండువందల ఏళ్ల కిందట ఊరూరా రాయించిన కైఫీయతుల్లో కడప జిల్లావి పుస్తకాలుగా వచ్చాయి. దొరికితే చదవండి, బోలెడు కథలు.

కథలో పాతాళం కావాలంటే జమ్మలమడుగు నుంచి నంద్యాల జిల్లాలోని బెలుం గుహలకు వెళ్లిరండి. 3,229 మీటర్ల పొడవున్న గుహలవి. లోపల పాతాళగంగ అనే నీటిపాయ కూడా ఉంది. మా మొదటి విగ్రహం అక్కడే ఉంది. ఎవరికీ చెప్పకండేం!

గవ్వల లెక్క

ఇరవై ముఖాల పాచికలు మనకెందుకు? ఆరు గవ్వలు చాలు. ప్రతి పాత్రకూ బలం, తెలివి, మాటకారితనం అని మూడు గుణాలు పెట్టి, వాటికి మొత్తం 4 మార్కులు పంచండి. ఒక్కో గుణానికి 2 మించకూడదు. ఏదైనా పని చేయాలంటే గవ్వలు విసరాలి. నోరు పైకి పడ్డవెన్నో లెక్కపెట్టి, ఆ పనికి తగిన గుణం మార్కు కలపాలి. మామూలు పనికి 4 రావాలి, కష్టమైనదానికి 6 రావాలి. ఉదాహరణకు రాత్రిపూట పెన్న ఇసుకలో బండి లాగాలి, బలం 2 ఉంది, గవ్వలు రెండే పడ్డాయి. కలిపితే 4. బండి కదిలింది! గవ్వలు ఎక్కువసార్లు రెండు, మూడు, నాలుగే పడతాయి. అందుకే ఒక్క మార్కుకే ఎంతో విలువ.

గవ్వలు పడకపోతే "కాలేదు, పో" అని సూత్రధారి అనకూడదు. "తలుపు తెరుచుకుంది, కానీ ఆ చప్పుడుకు కావలివాడు లేచాడు" అనాలి. ఓటమి కథను ఆపకూడదు, మలుపు తిప్పాలి. ఈ ఒక్కటీ పట్టుబడితే మీరు మంచి సూత్రధారి అయినట్టే.

పటం గీయడానికి కాగితం కూడా అక్కర్లేదు. మా ఇళ్లలో నేలంతా నాపరాళ్లే. సుద్దముక్కతో గీస్తే పెన్న కూడా ఇంట్లోకొచ్చేస్తుంది. పక్కన వేయించిన చెనక్కాయలు, ఉల్లిపాయ-కారం కలిపిన బొరుగులు పెట్టుకుంటే మధ్యాహ్నం ఇట్టే గడిచిపోతుంది.

ఏళ్లు సాగాలంటే

మొదలెట్టడం సులభమే, నిలబెట్టడమే కష్టం. మేం పాటించేవి ఇవీ:

వారం కుదరకపోతే పదిహేను రోజులకొకసారి కలవండి. రోజు మాత్రం మార్చకండి. రెండు గంటలు దాటనివ్వకండి. పిల్లలు బడినుంచి వచ్చే వేళకు లేచిపోవాలి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆట ముగియగానే ఏం జరిగిందో ఐదు వరుసలు రాయండి. మరుసటిసారి అది చదివాకే మొదలుపెట్టండి. రాసే వంతు మారుతుండాలి. సూత్రధారి కూడా ఆరు నెలలకోసారి మారితే మంచిది. ఎప్పుడూ ఒకరే వండి వడ్డిస్తే వాళ్లకూ విసుగే కదా!

ఊళ్లో నిజం మనుషుల పేర్లు కథలోకి తేవద్దు. ఆడపడుచు మీది కోపం రాక్షసి మీద తీర్చుకోండి, కానీ రాక్షసికి ఆడపడుచు పేరు పెట్టకండి. చిన్న ఊళ్లలో మాట ఆగదు. కథలో ఇద్దరికి మాటామాటా వస్తే గవ్వలు పక్కన పెట్టి, కాఫీ తాగి, సర్దుకున్నాకే ఆడండి.

అన్నిటికంటే ముఖ్యం, రానివాళ్ల పాత్రను చంపకండి. మాలో ఒకామె కూతురి కాన్పుకని బెంగుళూరు వెళ్లి ఏడు నెలలు రాలేదు. ఆమె పాత్ర మంత్రసానిని గండికోట ధాన్యాగారంలో ఐదో విగ్రహానికి కాపలా పెట్టి మేం ముందుకెళ్లాం. ప్రతివారం నోటుపుస్తకంలో "మంత్రసాని కాపలాలోనే ఉంది" అని ఒక వరుస రాసేవాళ్లం. తిరిగొచ్చిన రోజు ఆమె సంచి కూడా దించకుండా "గాదె తాళంచెవి ఎవరి దగ్గరుందే?" అనడిగింది. ఏడు నెలలు పసిబిడ్డను చూసుకుంటూ ఆమె కూడా ఆ కథలోనే ఉందన్నమాట! తనకోసం ఒకచోట ఒక వరుస ఖాళీ పెట్టి ఎదురుచూస్తున్నారని తెలిస్తే మనిషికి ఎంత ధైర్యమో ఆ రోజు చూశాం.

పులివెందుల: కథ చేరవలసిన చోటు

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పడితే అరటి తోటలు, చీనీ తోటలు కనిపిస్తాయి. ఒకప్పుడు పులులు మందలుగా తిరిగిన చోటు కాబట్టి పులిమందల అనేవారని, అదే పులివెందుల అయ్యిందని చెప్పుకుంటారు. ఊళ్లో రంగనాథస్వామి గుడి ఉంది. అక్కడినుంచి వేంపల్లె వైపు వెళితే, పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చేచోట గండి వీరాంజనేయస్వామి కొలువున్నాడు. లంక నుంచి తిరిగొచ్చే రాముడి కోసం వాయుదేవుడు ఈ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడట. రాముడు బాణం కొనతో బండమీద ఆంజనేయుణ్ణి గీశాడట. శ్రావణమాసం శనివారాల్లో వస్తే జనం కిటకిటలాడుతుంటారు.

ఆ తోరణం ఇప్పటికీ ఉందని, కానీ ఆయువు తీరబోయేవాళ్లకే కనిపిస్తుందని ఇక్కడి నమ్మకం. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో ఈ దారిన వెళుతూ "ఆ బంగారు తోరణం ఏమిటి?" అనడిగాడని చెబుతారు. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయారు.

మా కథకు కట్టుబాటు మేం ఇక్కడినుంచే తీసుకున్నాం. సూత్రధారి ఎవరైనా సరే, నలుగురమూ ఇక చాలు అనుకున్న రోజునే ఆ తోరణం చూపించాలి. అంతవరకూ ఎవరూ చూపించడానికి లేదు. మీరూ మీ ఊరి పటంలో అలాంటి చోటు ఒకటి ముందే గుర్తు పెట్టుకోండి. ముగింపు ఎక్కడో తెలిసిన కథ దారి తప్పదు.

నాలుగు విగ్రహాలు దాచాం. ఐదోది బండిమీద ఉంది, ఆరోది ఇంకా కోటలోనే ఉంది. తోరణం మాలో ఎవరికీ కనబడలేదు, తొందరా లేదు. మీ స్నేహితురాళ్లలో ముగ్గురి పేర్లు ఇవాళే కాగితం మీద రాసుకుని, గవ్వలు ఏ డబ్బాలో ఉన్నాయో వెతకండి మరి!