నీటిలో నిలిచే బంధము

మేము బోధించేది తెలుగు సాహిత్యం. సంశ్లిష్ట సమ్మేళనాల ప్రసక్తి మాకెందుకని విద్యార్థి మిత్రులు అడుగవచ్చు. ఈ విషయంలో మాకు తొలి పాఠం చెప్పినది మా ఇంటి వంటగది. మా చిన్నతనంలో కళాయి పోయిన రాగి డేగిసాలో అమ్మ పులుసు కాచనిచ్చేది కాదు. వీధిలోకి కళాయి సాయిబు వచ్చి తగరపు పూత పూసిన తరువాతనే ఆ పాత్ర మళ్ళీ పొయ్యి ఎక్కేది.

అందుకు కారణం చాలా కాలానికి గాని మాకు తెలియలేదు. చింతపండులోని టార్టారికామ్లం రాగి పైపొరను కరిగిస్తుంది. దాని నుండి వచ్చిన టార్టరేటు రాగి అయానును పట్టుకొని నీటిలోనే నిలుపుతుంది. ప్రయోగశాలలో మీరు చూసే ఫెహ్లింగ్ ద్రావణంలోనూ టార్టరేటు చేసే పని ఇదే. క్షారంలో అవక్షేపమై అడుగుకు దిగవలసిన రాగిని అది ముదురు నీలి ద్రావణంగా నిలిపి ఉంచుతుంది.

నీటిలో లోహ అయాను ఒంటరిగా ఉండదు. నీటి అణువులు దానిని చుట్టుకొని ఉంటాయి. సేంద్రియ లిగాండు వాటిని తొలగించి ఆ స్థానంలో చేరాలి. ఆ చేరిక ఎంత బలమైనదో తెలిపే సంఖ్యకే స్థిరత్వ స్థిరాంకమని పేరు. ఒక్క చేతితో పట్టిన లిగాండు జారితే కొట్టుకొనిపోతుంది. పలు చేతులతో పట్టినది ఒక చేయి వదలినా దూరం పోదు. ఆ చేయి మళ్ళీ వచ్చి పట్టుకొంటుంది. ఒక్క లిగాండు రాకతో అనేక నీటి అణువులు విడుదల కావడం కూడా ఈ స్థిరత్వానికి తోడ్పడుతుంది. ఇట్టి సమ్మేళనాలకు 1920లో మోర్గన్, డ్రూ అనే శాస్త్రజ్ఞులు పీత డెక్కను సూచించే గ్రీకు పదం నుండి 'కీలేటు' అన్న పేరు తెచ్చారు. భాష చెప్పుకొనే మాకు ఆ ఉపమానం ఎంతో ముచ్చట గొలిపింది.

ఇ.డి.టి.ఎ. అనే లిగాండుకు ఆరు చేతులు. కాల్షియంతో దాని స్థిరత్వ స్థిరాంకం కంటె సీసంతో ఉన్నది సుమారు రెండు కోట్ల రెట్లు ఎక్కువ. అందుచేత సీసపు విషం సోకిన రోగికి దీని కాల్షియం లవణాన్ని ఇస్తే, అది కాల్షియాన్ని వదలి సీసాన్ని పట్టుకొని మూత్రం ద్వారా వెలుపలికి పోతుంది. కాల్షియం లేని సోడియం లవణాన్ని ఇచ్చినచో, ఆ ఖాళీ చేతులు రక్తంలోని కాల్షియాన్నే పట్టుకొంటాయి. అప్పుడు గుండె ఆగిపోవచ్చు. 2003-2005 సంవత్సరాల మధ్య అమెరికాలో ఇట్టి చికిత్స వల్ల రక్తంలో కాల్షియం పడిపోయి ముగ్గురు మరణించారు. వారిలో ఇద్దరు చిన్నపిల్లలు.

మొదటి మందు పేరు ఎడిటేట్ కాల్షియం డైసోడియం. రెండవది ఎడిటేట్ డైసోడియం. భేదం ఒక్క పదం. పరీక్షాపత్రంలో పదం తప్పితే మేము ఒక మార్కు తగ్గిస్తాము. మందు సీసాపై పదం తప్పితే తగ్గేది మార్కు కాదు. వైద్యము, ఔషధశాస్త్రము అభ్యసించబోయే మా విద్యార్థులు ప్రతి పేరును చివరివరకు చదవాలని, చివరివరకు వ్రాయాలని మా కోరిక.