దిల్‌సుఖ్‌నగర్ నుంచి గురుగ్రహం దాకా

2025 ఫిబ్రవరి, శివరాత్రి వారం. పంచాంగం ప్రకారం గురుడు వృషభంలో, కుజుడు మిథునంలో, శుక్రుడు మీనంలో ఉన్నారు. పొద్దుగూకగానే ముగ్గురూ ఒకేసారి కనబడే రోజులు. మామూలు కెమెరా, 300 మిల్లీమీటర్ల లెన్సు, ట్రైపాడ్ భుజాన వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో దిగాను.

గ్రహాల ఫొటో తీయాలంటే ఊరు దాటి చీకటి వెతుక్కోవాలనుకుంటారు చాలామంది. పాలపుంతకైతే అంతే. గ్రహాలకు ఆ అవసరం లేదు. దుకాణాల లైట్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎంత వెలిగినా శుక్రుడు వాటి మీదుగా తెల్లగా మెరుస్తూనే ఉన్నాడు. నాకు అడ్డమల్లా మెట్రో వంతెనే. అందుకే సందుల్లోంచి సరూర్‌నగర్ చెరువు వైపు నడిచాను.

గట్టు మీద నిలబడితే పడమర బారుగా తెరుచుకుంది. శుక్రుణ్ణి ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే తీయాలి. చీకటి పడితే ఆ వెలుగు కెమెరాకు ముద్దగా తోస్తుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతుకు తెచ్చి, స్క్రీన్ మీద బొమ్మను పదింతలు పెంచి, ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. మసక చుక్క కాస్తా కొడవలి అయింది. సెన్సర్ మీద దాని పొడవు మిల్లీమీటరులో పదిహేనో వంతు మాత్రమే, అయినా రెండు కొనలూ తేటగా ఉన్నాయి.

గట్టు మీద కూర్చున్న హాస్టల్ కుర్రాళ్లలో ఒకడు దగ్గరికి వచ్చాడు.

“అన్నా, దేని ఫొటో తీస్తున్నవ్? చందమామ ఇంత చిన్నగున్నదేంది?”

“చందమామ కాదు తమ్ముడూ, శుక్రుడు. చంద్రుడిలాగే ఆయనకూ కళలుంటాయి.”

“గురుడికి అన్నిటికన్న పెద్ద ఉపగ్రహం గనిమీడ్ అని బిట్టు చదివిన. అది గూడ కనబడ్తదా?”

కనబడుతుందన్నాను. వెంట వస్తానన్నాడు.

చైతన్యపురిలో మెట్రో ఎక్కితే మధ్యలో విక్టోరియా మెమోరియల్ ఒక్కటే, ఆ తర్వాత ఎల్‌బీనగర్. 2018 సెప్టెంబరులో ఈ దారి తెరిచారు. రైలు ఆగేది అక్కడే అయినా ఆకాశం చూసేవాళ్ల దారి ఇంకా ముందుకు పోతుంది. సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం వైపు వెళితే జపాల్-రంగాపూర్. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు ఆ ఆవరణ నుంచే పరిశీలించారు. ఇటు చంపాపేట మీదుగా పాతబస్తీ వైపు తిరిగితే ఫిసల్‌బండ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత టెలిస్కోపుతో నిజామియా వేధశాలకు పునాది వేసింది అక్కడే. తర్వాత అది బేగంపేటకు మారింది. కోచింగ్‌కూ బస్సులకూ పేరుపడ్డ ఈ తూర్పు హైదరాబాదుకు ఇరుపక్కలా ఇంత ఖగోళ చరిత్ర ఉందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఎల్‌బీనగర్‌లో దిగి మా అక్కావాళ్ల డాబా ఎక్కేసరికి పగటి ఎండకు కాగిన స్లాబు ఇంకా వేడిగానే ఉంది. ఆ వేడిగాలి పైకి లేస్తుంటే గ్రహం అలల్లో వణుకుతుంది. ఏసీ యంత్రాలకు దూరంగా ఓ మూల చాప పరుచుకుని ఆగాం. గురుడు రోహిణి నక్షత్రానికి దగ్గరగా, దాదాపు నడినెత్తిన ఉన్నాడు. మన అక్షాంశం ఇచ్చిన వరమిది: గ్రహం ఎంత పైనుంటే మధ్యలో గాలి పొర అంత పలచన. కాకపోతే లెన్సును నిట్టనిలువుగా ఎత్తితే జూమ్ బరువుకు కిందికి జారుతుంది, దాన్ని టేపుతో బిగించాలి. టైమర్ పెట్టి చేయి తీసేయాలి.

సెకనులో రెండువందలో వంతుకు గురుబింబం గుండ్రంగా వచ్చింది, చుట్టూ ఏమీ లేదు. ఐఎస్‌ఓ 1600కు పెంచి పావు సెకను ఇచ్చాను. అంతకు మించి ఇస్తే భూమి తిరగడంతో చుక్కలు గీతలవుతాయి. ఈసారి బింబం తెల్లగా పేలిపోయింది కానీ దాని పక్కన ఒకే వరసలో సూదిమొన చుక్కలు. కుర్రాడు వేలితో లెక్కపెట్టాడు: “ఒకటి, రెండు, మూడు... అగో, నాలుగు!” ఫోన్లో స్టెల్లేరియం యాప్ తెరిచి వరస సరిచూశాం. 1610 జనవరిలో గెలీలియో పాదువాలో చూసినవి ఈ నాలుగే: ఐవో, యురోపా, గనిమీడ్, కాలిస్టో.

“ఇన్నేండ్ల సంది చదువుతున్న గానీ చూడొచ్చని ఎవ్వరు చెప్పలేదన్నా” అన్నాడు.

మీ ఇంట్లో బీరువాలో ఉన్న టెలిఫొటో లెన్సు పెళ్లిళ్లకేనని ఊరుకోకండి. 2027 ఫిబ్రవరి రెండో వారంలో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా కనబడతాడు. ఆటో ఫోకస్ ఆపేసి డాబా ఎక్కండి, పక్కింటి పిల్లల్ని కూడా పిలవండి.