రెండు కోర్సులు, ఒకే బోరు

గేట్ ఫలితాలు రాగానే మదనపల్లెలో మా ఇంటికి సివిల్ పిల్లలు వరసపెట్టి వస్తారు. ఎంటెక్‌లో స్ట్రక్చర్స్ సీటు వచ్చేవాళ్లకు సందేహాలుండవు. ర్యాంకు కాస్త జారినవాళ్లే, "సార్, వాటర్ రిసోర్సెస్ తీసుకోమంటారా, ఎన్విరాన్‌మెంటలా? దేనికి ఉద్యోగాలెక్కువ?" అని అడుగుతారు. ఈ సీమలో పుట్టి నీళ్ల చదువును మిగులు సీటు కింద జమకట్టడం నాకు మింగుడుపడదు.

మా రోజుల్లో ఆ రెండింటి మధ్య గోడ ఉండేది. వానెంత, వాగులో పారేదెంత, చెరువు పట్టేదెంత, మరవ ఎంత పొడవుండాలి అన్నది మా లెక్క. ఆ నీళ్లలో ఏం కలిసిందో చూడటం పక్క ల్యాబ్ వాళ్ల పని. కుప్పం దగ్గర ఒక టమోటా తోటలో నిలబడినప్పుడు ఆ గోడ నా వరకు కూలిపోయింది.

రైతు డ్రిప్ పైపు ఎత్తి చూపించాడు. చుక్క పడాల్సిన బెజ్జం చుట్టూ సున్నం తెల్లగా గడ్డకట్టి ఉంది. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. "బోర్లో నీళ్లుండాయి సార్, చెట్టుకాడికే రావడంల్యా. నెలకోతూరి యాసిడ్ ఎక్కిస్తా ఉండా" అన్నాడు. బోరు రెండించీలు పోస్తుందని నేను అప్పటికే రాసుకున్నాను. ఆ నీళ్లలో కాల్షియం బైకార్బొనేటు ఎంతుందో తెలియనిదే, ఆ రెండించీల్లో మొక్కకు అందేదెంతో చెప్పలేం. పోనీ బోరు ఇంకా లోతుకు దింపుదామంటే ఇంకో తంటా. మన పడమటి మండలాల అడుగున ఉన్నది గ్రానైటు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఆ రాతిని అంటిపెట్టుకుని ఎక్కువకాలం ఉంటాయి, ఫ్లోరైడు కరుగుతుంది. తాగేనీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు అని మన ప్రమాణాలు చెబుతాయి.

కృష్ణా నీళ్లు వచ్చేశాయి కదా అంటారు కొందరు. నిజమే. శ్రీశైలం వెనక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీళ్లు హంద్రీ-నీవా కాలువ పట్టి, పుంగనూరు బ్రాంచి కెనాల్‌లోకి, దాన్నుంచి చీలిన కుప్పం బ్రాంచి కెనాల్‌లోకి పారి 2025 ఆగస్టులో కుప్పం చెరువులు చేరాయి. ఇన్ని వందల కిలోమీటర్లు నడిపించడానికి కరెంటు ఖర్చెంత, దారిలో ఆవిరయ్యేదెంత, చెరువులో ఇంకిన నీళ్లకు బోర్లలో ఫ్లోరైడు పలచబడుతుందా అన్నవి ఇక తేల్చాల్సినవి. పుంగనూరుకు పడమట సరిహద్దు దాటితే కోలారు జిల్లా. అక్కడ 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని రెండో దశ వరకు శుద్ధిచేసి చెరువుల్లోకి వదులుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి. ఆ శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలంటూ కొందరు కోర్టుకెక్కారు. ఆ తగాదా తీర్చాలంటే రెండు ల్యాబ్‌ల వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

అందుకే పిల్లలకు కోర్సు పేరు పక్కనబెట్టి, అక్కడి అధ్యాపకులు ఏ సమస్య మీద పనిచేస్తున్నారో చూడమంటాను. మద్రాస్ ఐఐటీ సివిల్‌లో ఈ రెండూ ఒకే విభాగం కింద ఉన్నాయి, మనకు దగ్గర కూడా. రసాయనం ఇష్టమైతే బొంబాయి ఐఐటీలో పర్యావరణానికి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది. వాన, వరద, భూగర్భజలాల గణితం ఇష్టమైతే రూర్కీలో హైడ్రాలజీ. వరంగల్ ఎన్ఐటీలో వాటర్ రిసోర్సెస్. 2021 నుంచి గేట్‌లో పర్యావరణానికి వేరే పేపరు పెట్టారు కాబట్టి సివిల్ కానివాళ్లకూ దారి తెరుచుకుంది. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు 1957 నుంచి నీళ్ల చదువే చెబుతున్న నెదర్లాండ్స్ డెల్ఫ్ట్ సంస్థను చూడాలి. అమెరికాలో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ రెంటినీ ఒకే ప్రోగ్రాం పేరులో కలిపేసింది. ఇల్లు తాకట్టు పెట్టి అంత దూరం వెళ్లడం మాత్రం నాకు నచ్చదు. ఇక్కడ గేట్ స్కోరుతో చేరితే స్టైపెండు వస్తుంది.

ఈ ఏడాది గేట్ రాసేవాళ్లకు ఒక మనవి. ఆప్షన్లు పెట్టుకునే ముందు మీ ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇచ్చి పరీక్ష చేయించండి. ఆ కాగితం పట్టుకుని రండి, అప్పుడు కోర్సు సంగతి మాట్లాడుకుందాం.