యాదవగిరి దారిలో

బెంగుళూరు నుండి మైసూరుకు ఇప్పుడు రెండు దారులున్నవి. 2023 మార్చిలో ప్రారంభమైన పెద్దరోడ్డు కార్లకు, బస్సులకు. అదే సంవత్సరం ఆగస్టు 1వ తేదీ నుండి మోటారు సైకిళ్లు దాని మీదికి రాకూడదని ఉత్తర్వు అయినది. కనుక రెండు చక్రాలవాళ్లం పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకొని, చెరకు ట్రాక్టర్లకు తప్పుకుంటూ పోవలసినదే. నాకు అందులో చింత లేదు. నేను నడిపిన బండికి తెలిసినది పాతదారే.

అది యెజ్డీ రోడ్‌కింగ్. నాన్నగారు 1984లో కొన్నారు. నాకప్పుడు నాలుగేళ్లు. టాంకు మీద నేను, వెనుక అమ్మ, ఆమె ఒడిలో తమ్ముడు. ఏటా దసరాకు ఆ బండి మీదనే మైసూరు ప్రయాణం. మద్దూరులో ఆగి వడలు తినడం, శ్రీరంగపట్నం వంతెన మీద కావేరికి దణ్ణం పెట్టడం మా ఇంటి ఆచారం.

మన పాఠకులలో పెద్దలకు జావా సంగతి చెప్పనక్కరలేదు గాని, పిల్లలకోసం నాలుగు మాటలు. 1929లో చెకొస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన, వాండరర్ అనే జర్మను కంపెనీ మోటారు సైకిలును తీసుకొని తయారీ మొదలుపెట్టాడు. ఆ రెండు పేర్ల మొదళ్లు కలిపితే ‘జావా’ అయినది. ఇరానీ కుటుంబంవారు ఆ బండిని 1961లో మైసూరుకు తెచ్చారు. యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీని ప్రారంభించినవారు శ్రీ జయచామరాజ ఒడెయరు వారు. 1973 నుండి పేరు యెజ్డీ అయినది. 1978లో వచ్చిన రోడ్‌కింగ్ వారి బండ్లలో పరుగు పందెగత్తె. 250 సి.సి., పదహారు గుర్రాల బలం. మద్రాసు దగ్గర షోళవరంలో, యుద్ధకాలపు విమానాల బాట మీద జరిగిన పందేలలో ఈ బండ్లు పరుగెత్తినవి. నెల్లూరు నుండి మద్రాసు వెళ్లే మనవారు ఆ ఊరి పక్కగానే పోతుంటారు.

దాని వింతలు చెబితే ఈనాటి కుర్రవాళ్లు నమ్మరు. ఉన్నది ఒకే సిలిండరు. పొగగొట్టాలు మాత్రం రెండు, అటొకటి ఇటొకటి. పెట్రోలు పోయించేటప్పుడే లెక్క ప్రకారం నూనె కలపాలి. ఇక కిక్కరు కనబడదు! ఎడమవైపు గేరు మార్చే కాడనే లోపలికి నొక్కి వెనక్కు తిప్పి నిలబెడితే అదే కిక్కరవుతుంది. బండి పలికిన తరువాత దానిని మళ్లీ ముందుకు దించితే గేరు. కాలితో గేరు మారుస్తుంటే క్లచ్ తనంతట తానే వదులుతుంది. ఒక కాడతో ఇన్ని పనులు చేయించినవాడి తెలివికి నేనెప్పుడూ ఆశ్చర్యపోతాను. కొత్త బండ్లలో బటను నొక్కితే చాలు, సుఖమే, కాదనను.

1985 ప్రాంతంలో జపానువారి పొత్తుతో నూరు సి.సి. బండ్లు వచ్చినవి. లీటరుకు అవి పోయే దూరం ముందు ఇది నిలువలేదు. ఇంటి బడ్జెటు చూసుకొనే గుమాస్తా ఎవడైనా ఏం చేస్తాడు? ఇదే రోజులలో వచ్చిన రాజ్‌దూత్ 350 అంతకన్నా వేగంగలది. దాని కథా పదేళ్లు నడవలేదు. యాదవగిరి ఫ్యాక్టరీ 1996లో మూతపడింది.

మా బండి సంగతికి వస్తాను. నాన్నగారికి చూపు తగ్గిన దగ్గరనుండి అది షెడ్డులోనే ఉన్నది. లక్షకు పైగా ఇస్తానని ఒక పెద్దమనిషి కబురు పెట్టాడు. తన రిసార్టు హాలులో అలంకారంగా నిలుపుతాడట. “అన్నయ్యా, అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను, ఏటా ఇన్సూరెన్సు, నడిపేవాడు లేడు, ఎందుకిది?” అన్నాడు తమ్ముడు. వాడు చెప్పినదీ నిజమే. నాన్నగారు మాత్రం, “ఒకసారి మైసూరు చూపించి తీసుకురండిరా” అన్నారు. ప్రతి జూలై రెండవ ఆదివారం జావా, యెజ్డీల వాళ్లు దేశమంతటా కూడుతారు. మైసూరువారికది పుట్టింటి పండుగ. వాళ్లిద్దరూ రైలెక్కారు, నేను బండి మీద బయలుదేరాను.

రామనగరం కొండలు, చన్నపట్నం కొయ్యబొమ్మల దుకాణాలు దాటేవరకు బాగానే నడిచింది. మండ్య దగ్గర తడబడసాగింది. ఎలాగో మైసూరు చేరి, ఒక సందులో ముసలి మెకానిక్కు ముందు నిలిపాను. ఆయన దానిని ముట్టుకోకుండా కళ్లు మూసుకొని కాసేపు విన్నాడు. “గాడి మాతాడుత్తె స్వామీ” అన్నాడు. బండి మాట్లాడుతుందట! కాంటాక్టు పాయింట్ల సందులో సిగరెట్టు పెట్టె కాగితం పెట్టి చూసి, ఒక మర చుట్టు తిప్పాడు. తడబాటు పోయింది. ఎంత ఇవ్వమంటారంటే కాఫీ తెప్పించమన్నాడు.

యాదవగిరి స్టేషనుకు దగ్గరే. చెట్ల నీడ, పాత బంగళాలు, ఆకాశవాణి కేంద్రం. ఒకనాడు వేలమంది బ్రతికిన చోటు అని ఆ వీధులు చూస్తే తోచదు. నాన్నగారు తమ్ముడి చేయి పట్టుకొని రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. నేనింకా మలుపు తిరగకముందే, “వాడొస్తున్నాడు” అన్నారట. చూపు లేకపోయినా ఆ చప్పుడు ఆయనకు ఆనవాలే. దగ్గరకు వచ్చి టాంకు తడిమారు. నేను కూర్చునే చోట రంగు అరిగి ఉన్నది, అక్కడ చేయి ఆగింది. పక్కనుండి పది పదిహేను పాత బండ్లు వరుసగా పోతుంటే ఒక్కొక్కదాని శబ్దం విని “ఇది జావా, ఇది రోడ్‌కింగు” అని చెబుతూ వచ్చారు. ఒకటీ తప్పలేదు.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు బేరం మాట ఎత్తాడు.

“అమ్మండిరా, అడ్డుపడను,” అన్నారు నాన్నగారు. “కాని కొన్నవాడు మన గుమ్మం ముందు తన కాలితో కిక్కు కొట్టి, ఎక్కి పోవాలి. లారీలో వేసుకుపోతానంటే ఇవ్వను.”

ఆ షరతు తమ్ముడు అప్పుడే ఫోనులో చెప్పాడు. కొంచెంసేపు అవతల మాట లేదు. తరువాత ఆ పెద్దమనిషి, “కిక్కరు ఏ పక్క ఉంటుందండీ?” అని అడిగాడట.