పదునెనిమిదేండ్ల పిమ్మట

మన కుటుంబములలో దంపతులు విడిపోవునపుడు న్యాయస్థానమునకంటె ముందు పెద్దలు కూర్చుందురు. తరతరములుగా కోయంబత్తూరు ప్రాంతమున స్థిరపడిన తెలుగువారిలో సంబంధములు మన యిండ్ల మధ్యనే తిరుగుచుండుటచేత, తెగతెంపులును మన వసారాలలోనే జరుగవలెనను పట్టుదల యింకను పోలేదు. అది కొంతవరకు మంచిదే. కాని ఆటిజము గల బిడ్డ ఉన్నచోట ఈ పెద్దరికమునకు అందని లెక్క యొకటి కలదు.

మా చెల్లెలి కుమార్తె విషయమున మేమును అట్టి కూటమిలో కూర్చుంటిమి. పిల్లవానికప్పుడు ఏడవ యేడు. పిలిచిన పలుకడు, మిక్సీ మ్రోగిన చెవులు మూసికొని గోడవైపు పరుగెత్తును, ఆకలియైన తల్లి చేయి పట్టి లాగికొనిపోయి అన్నపు గిన్నెమీద పెట్టును. తండ్రి చెడ్డవాడు కాడు, అలసిపోయినవాడు. ఆ అలసట తల్లికి లేదా యని ఎవరును అడుగలేదు. పైగా ఒక పెద్దముత్తైదువ, "తల్లి ముద్దు తక్కువైతేనే బిడ్డకు మాట రాదు" అనెను. చదువుకొన్నవారును ఒకప్పుడు ఇట్లే అనిరి. 1943లో లియో కానర్ అను వైద్యుడు ఈ స్థితిని వర్ణించిన తరువాత, తల్లిదండ్రుల నిర్లిప్తతయే దీనికి మూలమను వాదము పాశ్చాత్య దేశములలో చాలకాలము చెల్లినది. పిమ్మట అది నిలువలేదు. మెదడు ఎదుగుదలలోని భేదమే దీనికి కారణమని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మన వసారాలకు ఆ వార్త ఇంకను చేరలేదు.

కూటమిలో తేలినదేమనగా: తల్లికి ఆమె నగలు, ఒక్కమొత్తముగా కొంత సొమ్ము, పిల్లవానికి 18 ఏండ్లు నిండువరకు నెలకు కొంత. కాగితము వ్రాయుచుండగా ఆ పిల్ల మావైపు తిరిగి, "మామా, పంతొమ్మిదో ఏట వీడు నాకు సంపాదించి పెడతాడా?" అని మెల్లగా అడిగెను. కలము అక్కడ ఆగినది.

చట్టము ఈ ప్రశ్నకు ఎప్పుడో సమాధానము చెప్పియున్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను, వైకల్యముచేత తన్ను తాను పోషించుకొనలేని బిడ్డకు యుక్తవయస్సు దాటినను భరణము నొసగుచున్నవి. 2020 నవంబరులో రజనేశ్–నేహ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, బిడ్డకు ఎడతెగని సంరక్షణయు మరల మరల ఖర్చును కావలసినపుడు దానినికూడ భరణ నిర్ణయములో గణింపవలెననెను. ఇరుపక్షములవారు తమ ఆదాయమును, ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రముపై తెలుపవలెననెను. తల్లి తన భరణమును వదలుకొనిన వదలుకొనునుగాక, బిడ్డ హక్కును వ్రాసియిచ్చుటకు ఆమెకధికారము లేదు. ఎట్లయిన బయటపడిన చాలునని "మాకేమీ వద్దు" అని సంతకము చేసిన తల్లులను మేము చూచితిమి.

ఆ కాగితమును ప్రక్కన పెట్టించి పద్దు వ్రాయించితిమి. ప్రత్యేక పాఠశాల రుసుము, మాటల శిక్షణ, బస్సులో కూర్చుండలేని బిడ్డకు ఆటో కిరాయి, పగిలిన కిటికీ అద్దములు. తండ్రి చదివి, "ఇంత ఖర్చుందా?" అనెను. ఇన్నాళ్ళును ఆ యింటిలోనే ఉండెను, పాపము! చివర ఆమె మరియొక పంక్తి చేర్చెను: బిడ్డకొఱకు తాను మానుకొన్న ఉద్యోగపు జీతము. తల్లి సేవకు వెల కట్టుదురా యని పెద్ద తగవు రేగినది. కట్టవలెనని మేమంటిమి. పూర్తిగా ఒప్పలేదు; సగమునకు ఒప్పిరి.

18 ఏండ్లు నిండిన పిమ్మట తల్లి చేవ్రాలుకూడ దానంతట అది చెల్లదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి, జిల్లాలోని స్థానిక సమితివలన సంరక్షకత్వము పొందవలెను. ఆ పనికి తండ్రియు సహకరించునని ఒడంబడికలో వ్రాయించి కుటుంబ న్యాయస్థానమున దాఖలు చేయించితిమి.

ఇప్పుడు పిల్లవానికి పదునొకండవ యేడు. సొమ్ము రెండు మూడు తడవలు ఆలస్యమైనను వచ్చుచున్నది. తండ్రి ప్రతి ఆదివారము నాలుగు గంటలకు వచ్చి అదే వీధిలో వానిని నడిపించును. దారి మారిన వాడు కదలడు. అతడు రాని ఆదివారము వాడు చీకటిపడువరకు గేటు కమ్మి వదలడు.