మైళ్ల పద్దు

2025 జనవరి 6, శంషాబాద్

సోమవారం తెల్లవారుజాము ఢిల్లీ విమానం. అందరి భుజానా లాప్‌టాప్ బ్యాగులే. ప్రయారిటీ క్యూ మామూలు క్యూ కంటే పొడుగ్గా ఉంది. ఆఫీసు ఖర్చు మీద వారం వారం తిరిగేవాళ్లందరి దగ్గరా విమాన కంపెనీ మైళ్ల కార్డుంది మరి. ముందు ఎక్కితే పెట్టె పైన పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది, అంతే.

జనవరి 10, ఢిల్లీ

పొగమంచు. విమానం రద్దు. కార్డు విలువ ఇలాంటి రాత్రే తెలిసేది. నన్ను పక్క కౌంటరుకు పిలిచి, పొద్దున్నే వెళ్లే విమానంలో సీటిచ్చారు. అవతల పెద్ద క్యూలో కరీంనగర్ పెద్దాయన ఒకరు ట్రాలీ హ్యాండిల్ మీద బరువు వేసి, ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడుతున్నారు. "బాబూ, మా వంతు ఎప్పుడొస్తది?" అన్నారు. కౌంటరు అమ్మాయితో మాట్లాడితే ఆయన్నీ, వాళ్లావిడనీ ముందుకు పిలిచింది. కార్డు చూసే నా మాట విన్నదని నా అనుమానం. వయసుకి ఇవ్వాల్సిన మర్యాద కార్డు రంగుకి దక్కడం నాకు మింగుడుపడదు.

ఫిబ్రవరి 2

ఎయిర్ ఇండియా 2024 ఏప్రిల్ నుంచి దూరాన్ని వదిలేసి, టికెట్టుకు పెట్టిన డబ్బును బట్టి పాయింట్లు ఇస్తోంది. అమెరికాలో డెల్టా, యునైటెడ్ 2015లోనే ఈ దారి పట్టాయి. చవక టికెట్టు కోసం రెండుచోట్ల విమానం మారి, రాత్రంతా కుర్చీలో గడిపే విద్యార్థికి మిగిలేది చిల్లర. కంపెనీ డబ్బుతో బిజినెస్ క్లాసులో వెళ్లేవాడికి మూటలు. ఎక్కువ తిరిగేవాడికి బహుమతి అన్న మాట ఇక చెల్లదు.

ఏప్రిల్ 17

జెట్ ఎయిర్‌వేస్ విమానాలు నిలిచిపోయిన రోజిది, 2019లో. మైళ్ల పథకం మాత్రం బతికింది. అది అప్పటికే వేరే కంపెనీ, అందులో సగానికి పైగా వాటా ఎతిహాద్ ఎయిర్‌వేస్‌ది. తర్వాత ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుంది. విమానం లేకపోయినా మైళ్లు నిలిచాయంటే అసలు వ్యాపారం ఎక్కడుందో చూడండి. 2020లో కోవిడ్ దెబ్బకి యునైటెడ్ తన మైళ్ల పథకం మైలేజ్‌ప్లస్‌నే తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. క్రెడిట్ కార్డుల కోసం బ్యాంకులు ఈ మైళ్లను టోకున కొంటాయి. ఆ రాబడే తాకట్టుకి బలం.

మైళ్లు అచ్చువేసేదీ కంపెనీయే, టికెట్టుకి ఎన్ని కావాలో నిర్ణయించేదీ కంపెనీయే. నిన్నటి ధర రేపుండదు. ఆకుకూర లాంటివి, తెచ్చిన పూటే వండుకోవాలి. పిల్లల పెళ్లికని దాచుకుంటున్న మిత్రులకి ఇదే చెబుతున్నాను.

మే 4

డాలస్ నుంచి వదిన ఫోన్. వచ్చే వేసవికి అమ్మని తీసుకెళ్లాలట, తన మైళ్లతో. "ఇప్పుడే చూడు వదినా, డిసెంబరు దాకా ఆగితే సెలవుల సీట్లు మిగలవు" అన్నాను. చాలా కంపెనీలు దాదాపు పదకొండు నెలల ముందే సీట్లు తెరుస్తాయి. వెళ్లే సీటు దొరికింది, దారిలో ఒక్కచోటే ఆగాలి. పన్నులు, సర్‌ఛార్జీలు చేతి నుంచి కట్టాల్సిందే, ఉచితం అన్నది పేరుకే. అయినా మిగిలింది తక్కువేం కాదు. వీల్‌చైర్ కూడా బుకింగ్‌లోనే రాయించాం. అమ్మకి నడవా పక్క సీటు కావాలి, రాత్రి కాళ్లు చాపుకోవాలి కదా. తిరుగు ప్రయాణానికి సీటు తెరవగానే వదిన చూస్తానంది.