తుపాను వేళ... గూడబాతుల గూళ్లు!

దెందులూరు దాటి దక్షిణానికి వెళ్తే కొల్లేరు. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన మంచినీటి సరస్సు. శీతకాలంలో ఆటపాకలో గూడబాతుల సందడి చూసి తీరాల్సిందే! చెట్లు చాలక, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్లపైనా అవి గూళ్లు కట్టుకుంటాయి.

చిక్కేమిటంటే... అవి పిల్లల్ని పెంచే రోజుల్లోనే బంగాళాఖాతంలో తుపాన్లూ పుడతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి గాలివానలకు గుడ్లూ, పసికూనలూ జారిపడే ప్రమాదం ఉంటుంది.

బుడమేరు, తమ్మిలేరు పోటెత్తితే ఆ నీరంతా ఉప్పుటేరు గుండానే సముద్రానికి చేరాలి. దారిలో చేపల చెరువుల గట్లు అడ్డుపడితే నీరు నిలిచిపోతుంది. బాతులైతే ఈదగలవు. బురదలో పురుగుల్ని ఏరుకునే ఉల్లంకులకు మాత్రం మేత మునిగినట్లే. అవి మరో చోటు వెతుక్కోవాలి. ఏ పిట్ట ఉంటుందో, ఏది వెళ్తుందో తేల్చేది నీటి లోతే!